టెర్సెల్ ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాగన్: టయోటాకి ఈ పిచ్చి ఎట్ల పట్టింది?

డెన్వర్_దోస్త్
మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌ల పక్కింటాయనది ఒక పాత టయోటా టెర్సెల్ వ్యాగన్ ఉంటది, 1985 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్. రోజూ దాని పక్కకే నా బండి పెడ్త. చూసినప్పుడల్లా ఒకటే డౌటు: దీనికి సంతకం పెట్టి ఓకే అన్న మనిషి ఎవరు? ముందు నుంచి చూస్తే మామూలు చిన్న కారు. ఎనకకి పోతే డోర్ నిండా ప్లాస్టిక్, నంబర్ ప్లేట్ నడిమిట్ల కాకుండ ఓ పక్కకి. ఈడ అందరు దాన్ని ఏటీఎం మెషిన్ అనే అంటరు. లోపల డ్యాష్‌బోర్డ్ మీద బండి ఎంత ఒరిగిందో చూపే మీటర్. 62 హార్స్‌పవర్ ఇంజిన్‌కి ఆరు గేర్లు! కరోలా లాంటి సప్పటి కార్లు చేసుకునే కంపెనీ ఇది. ఇది డిజైనా, లేకుంటే గోదాంల మిగిలిన సామానంత తెచ్చి అతికిచ్చిన్రా?

గోడమీదపిల్లి
ఏటీఎం అన్నాక "నో క్యాష్" బోర్డు కూడా వేలాడదీసి ఉండాలి కదా. లేదంటే డిజైన్ లోపమే.

పాతసామాన్లు
దోస్త్, నీ రెండో అనుమానమే నిజానికి దగ్గర. కాకపోతే దాన్ని తిట్టుగా తీసుకోకు, అందులోనే అసలు తెలివి ఉంది.

కథ వ్యాగన్‌తో మొదలవ్వదు. 1978లో మొదటి టెర్సెల్ వచ్చింది, టయోటా చేసిన తొలి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు అదే. అప్పటికి బ్రిటన్‌లో మినీ అనే చిన్న కారు వచ్చి 19 ఏళ్ళు. చిన్న కారంటే ఇంజిన్ అడ్డంగా పెట్టాలి, చోటు కలిసొస్తుంది అని లోకమంతా ఒప్పేసుకుంది. టయోటా వాళ్ళు మాత్రం రియర్ వీల్ బళ్ళలో పెట్టినట్టే ఇంజిన్‌ని పొడవునా పెట్టారు. ఇంజిన్ కింద డిఫరెన్షియల్ (మలుపులో చక్రాల్ని వేరు వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల డబ్బా), దాని వెనక, క్యాబిన్ నేల కిందకి గేర్‌బాక్స్. పవర్ ఇంజిన్ నుంచి వెనక్కెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ ముందుకొచ్చి ముందు చక్రాలకి చేరుతుంది. కొత్త విద్య కాబట్టి సగం పాత దారిలోనే నడిచారని నా లెక్క.

ఇప్పుడు ఆ గేర్‌బాక్స్ తోక ఎటు చూస్తోంది? వెనక్కి. 1982 మేలో రెండో తరం టెర్సెల్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో జపాన్‌లో స్ప్రింటర్ కేరిబ్ పేరుతో ఈ వ్యాగన్ దించారు. ఆ తోక నుంచి పవర్‌ని వెనక్కి మోసే ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ లాగి, వెనక ఒక గట్టి యాక్సిల్ వేసి, కాయిల్ స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. కారు మొత్తాన్ని మళ్ళీ గీయనక్కర్లేకపోయింది. అమెరికాకి 1983 మోడల్‌గా టెర్సెల్ పేరుతోనే వచ్చింది. మీ పక్కింటాయనది అదే సంతానం.

సుబారు_సుబ్బారావు
టయోటా కనిపెట్టినట్టు చెప్పేస్తున్నారు. పదేళ్ళ ముందే సుబారు చేసింది ఇదంతా. 1972 సెప్టెంబర్, లియోన్ 4డబ్ల్యూడీ ఎస్టేట్ వ్యాన్. అదెలా పుట్టిందో తెలుసా? జపాన్ ఉత్తరాన తోహోకు కరెంటు కంపెనీ వాళ్ళు చలికాలంలో కొండల్లో లైన్లు చూసుకోవడానికి జీపుల్లో తిరిగేవాళ్ళు. చలికి వణుకు, కుదుపులకి నడుం నొప్పి. మామూలు కారులాగే వెచ్చగా ఉండి మంచులో కూడా పోయే బండి ఏదైనా చేసిపెట్టండని మియాగి సుబారు డీలర్‌ని అడిగారు. ఆ డీలర్ షాపు వాళ్ళే ఒక సుబారు ఎఫ్ఎఫ్-1 వ్యాన్‌కి నిస్సాన్ బ్లూబర్డ్ వెనక యాక్సిల్ తగిలించి నడిపి చూపించారు. కంపెనీ ఆ తర్వాతే కళ్ళు తెరిచింది.

గోడమీదపిల్లి
లైన్‌మన్లు అడిగితే కారు పుట్టింది. మా ఊళ్ళో లైన్‌మన్‌కి నిచ్చెన పుట్టడానికే రెండు ఎలక్షన్లు పట్టింది.

డెన్వర్_దోస్త్
నిస్సాన్ యాక్సిల్ సుబారుకా 😂 గదే నేనన్నది, అందరు గోదాం సామానే.

లక్ష్మి_క్లచ్
సుబ్బారావు గారు చెప్పిందీ పాతసామాన్లు గారు చెప్పిందీ ఒకే కథ అండీ, గమనించారా? సుబారుది బాక్సర్ ఇంజిన్, అంటే సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉండేది, అదీ పొడవునే, గేర్‌బాక్స్ దాని వెనకే. 1980 మార్చిలో జెనీవాలో చూపించిన ఆడి క్వాట్రో? అదీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఆడి నుంచి పుట్టిన ఫోర్ వీల్ బండే, ఇంజిన్ పొడవునే. ఈ మూడు కంపెనీలూ వేరు వేరు అవసరాలతో మొదలెట్టాయి. సుబారుకి కరెంటు లైన్లు, ఆడికి ఫిన్లాండ్ మంచులో టెస్టింగ్‌కి తీసుకెళ్ళిన ఇల్టిస్ అనే మిలిటరీ బండి, టయోటాకి చవక వ్యాగన్. ముగ్గురూ చేరింది మాత్రం ఒక్క చోటికే, ఎందుకంటే ముగ్గురి గేర్‌బాక్స్ షాఫ్టూ ముందే వెనక చక్రాల దిక్కు చూస్తోంది. అడ్డంగా ఇంజిన్ ఉన్న కారుకి ఆ సౌకర్యం ఉండదు, పవర్‌ని 90 డిగ్రీలు తిప్పాలి. దానికి వేరే బెవెల్ గేర్లు, వేరే డబ్బా, వేరే ఖర్చు.

కాబట్టి టెర్సెల్‌లో అసలు డిజైన్ నిర్ణయం 1978దే. అప్పటికి వ్యాగన్ ఆలోచన ఉందో లేదో కానీ, దానికి దారి మాత్రం అప్పుడే పడింది.

ఇటలీ_ఇంటల్లుడు
ఒప్పుకోను. 1983 ఫియట్ పాండా 4x4 చూడండి. ఇంజిన్ అడ్డమే. 965 సీసీ, 48 హార్స్‌పవర్, బండి మొత్తం 740 కిలోలు. మా అత్తగారి ఊరు ఆల్ప్స్ కొండల్లో, అక్కడ రొట్టెలమ్మే ఆయన దగ్గర్నుంచి చర్చి ఫాదర్ దాకా అదే. అడ్డం ఇంజిన్‌తో కుదరదంటే ఎలా?

లక్ష్మి_క్లచ్
కుదరదని ఎక్కడన్నాను? ఖర్చన్నాను. పాండా ఫోర్ వీల్ సరంజామా ఫియట్ ఒక్కటే కూర్చుని చేసింది కాదు, ఆస్ట్రియాలో స్టైర్-పుక్ చేసిచ్చింది. కొండబళ్ళు చెయ్యడమే పనిగా బతికిన కంపెనీ అది. టయోటాకి బయటివాళ్ళ దగ్గరికి వెళ్ళాల్సిన పని పడలేదు.

ఇటలీ_ఇంటల్లుడు
సరే, ఖర్చు దగ్గర ఒప్పుకుంటా. అందం దగ్గర మాత్రం చచ్చినా ఒప్పుకోను. పాండా మా ఇటలీ డిజైనర్ జుజారో గీసింది. మీ ఏటీఎం ఎవరు గీశారో కంపెనీ బయటికి చెప్పుకున్నట్టు లేదు.

జిప్సీ_జోగారావు
ఇంజిన్ అడ్డమా నిలువా అని కొట్టుకుంటున్నారు గానీ, అసలు సంగతి ఎవడూ అడగట్లేదు. లో-రేంజ్, అంటే గేర్లన్నిటినీ ఇంకా నెమ్మదిగా, ఇంకా బలంగా చేసే ఏర్పాటు, ఉందా? లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో (పవర్‌ని ముందుకీ వెనక్కీ పంచే డబ్బా) లో-రేంజ్ లేని ఫోర్ వీల్ ఉత్తిది. మా పాడేరు ఘాట్‌లో వానాకాలం బురదలో ఎక్కించమనండి, తెలుస్తుంది. మన మారుతి జిప్సీ 1985 డిసెంబర్‌లో వచ్చింది, 970 సీసీ, అంటే మీ టెర్సెల్‌లో మూడింట రెండొంతులు. అయినా దానికి లో-రేంజ్ ఉంది. ఎక్కింది, దిగింది, పోలీసుల్ని మోసింది, మిలిటరీని మోసింది.

లక్ష్మి_క్లచ్
జోగారావు గారూ, ఆ ఆరో గేరు ఉన్నదే అందుకు. పేరుకి ఆరు గానీ అది పైన చేర్చింది కాదు, ఫస్ట్ గేరు కింద ఇంకోటి. లివర్ మీద ఈఎల్ అని ఉంటుంది, ఎక్స్‌ట్రా లో. రేషియో 4.71, ఫైనల్ డ్రైవ్‌తో కలిపితే 17.5 చిల్లర, అంటే ఇంజిన్ అన్నిసార్లు తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. ఫోర్ వీల్ వేస్తేనే అది పడుతుంది, మామూలుగా పడదు. వేరే ట్రాన్స్‌ఫర్ డబ్బా, దాని బరువు, దాని ఖర్చు లేకుండా లో-రేంజ్ పనిలో కొంత చేయించుకున్నారు. దోస్త్ "62 హార్స్‌పవర్‌కి ఆరు గేర్లా" అని నవ్వాడు కదా, 62 ఉంది కాబట్టే ఆరు. 200 ఉంటే ఆ గేరు ఎవరికి కావాలి?

జిప్సీ_జోగారావు
"కొంత" అన్నారు చూడండి, అక్కడ దొరికారు. ఒక్క గేరు లో-రేంజ్ అవ్వదమ్మా. జిప్సీలో లో వేస్తే ఉన్న గేర్లన్నీ లో అవుతాయి. రివర్స్‌తో సహా. కొండ మీద ఇరుక్కున్నవాడికి రివర్స్ ఎంత ముఖ్యమో ఇరుక్కున్నవాడికే తెలుసు.

లక్ష్మి_క్లచ్
రివర్స్ మాట నిజమే. ఆ పాయింట్ మీది.

మంచుదేశం
మిన్నెసోటాలో చదువుకునేటప్పుడు ఈ బండి నడిపాను కాబట్టి చెప్తున్నా, దీన్ని జిప్సీతో పోల్చడమే తప్పు. ఇది అడవిలోకి పోవడానికి కాదు. రాత్రి అడుగున్నర మంచు పడుతుంది, పొద్దున్నే మున్సిపాలిటీ బండి వచ్చి రోడ్డు మీది మంచంతా తోసి మన కారు ముందు గట్టు కట్టి పోతుంది. క్లాసు ఎనిమిదింటికి. అప్పుడు ఆ చిన్న లివర్ లాగి, ఈఎల్‌లో వేసి, క్లచ్ మెల్లగా వదిలితే గట్టు మీద నుంచి పాకుతూ బయటపడేది. రోడ్డెక్కాక లివర్ తోసేస్తే మామూలు ఫ్రంట్ వీల్ కారు. ఆ పెట్రోలు ఖర్చు స్టూడెంట్ జేబుకి సరిపోయేది.

హైవే మీదకి ఎక్కేటప్పుడు మాత్రం ఆంజనేయ దండకమే. బండి టన్ను దరిదాపు, గుర్రాలు 62. వెనక నుంచి లారీ వస్తుంటే సగం దండకం అయ్యేసరికి 80 కిలోమీటర్ల స్పీడు వచ్చేది.

ఇంకోటి. మా రూమ్మేట్‌కి ఫోర్ వీల్ అంటే ఎప్పుడూ వేసి ఉంచితే మంచిదని నమ్మకం. ఎండ రోజు ఎండిన పార్కింగ్‌లో పూర్తిగా స్టీరింగ్ తిప్పి బండి తీశాడు. బండి కుప్పిగంతులేస్తూ కదిలింది. "నీ కారుకి ఏదో అయింది" అని నాకే చెప్పాడు.

డెన్వర్_దోస్త్
ఎందుకట్ల గంతులేస్తది? మా పక్కింటాయన కూడ మంచు లేకుంటే అస్సలు వెయ్యద్దన్నడు.

లక్ష్మి_క్లచ్
ముందుకీ వెనక్కీ మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద వంపులో తిరుగుతాయి, వెనకవి చిన్న వంపులో. అంటే ముందువి ఎక్కువ దూరం పోవాలి. రెండు యాక్సిళ్ళూ ఒకే షాఫ్ట్‌తో బిగించి ఉంటే ఆ తేడా ఎటూ పోలేక షాఫ్ట్ మెలిపడుతుంది. మంచులోనో బురదలోనో అయితే టైరు కాస్త జారి ఆ మెలిక విప్పేస్తుంది. పొడి తారు మీద టైరు జారదు, పట్టు వదిలినప్పుడల్లా ఒక గెంతు.

సుబారు_సుబ్బారావు
అప్పటి సుబారులూ అంతే, పార్ట్-టైమే, కావాలన్నప్పుడే ఫోర్ వీల్ వేసుకునేవి. చవగ్గా చెయ్యాలంటే వేరే దారి లేదు.

హైదరాబాదీ_ఈగిల్
వేరే దారి ఉంది భాయ్. అమెరికా కంపెనీ ఏఎంసీ చేసిన ఈగిల్. 1980 మోడల్, ఈ టెర్సెల్ కన్నా ముందే. మధ్యలో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో పనిచేసే జోడింపు) ఉన్న సెంటర్ డిఫరెన్షియల్, ఎండ రోజైనా వాన రోజైనా నాలుగు చక్రాలూ తిరుగుతూనే ఉండేవి, లివర్ లాగే పని లేదు. కంపెనీ దగ్గర డబ్బు లేదు, ఉన్న కాంకర్డ్ కారు బాడీనే కాస్త పైకి లేపి చేసుకున్నరు. ఇప్పుడు అందరూ క్రాసోవర్ అని కొంటున్నది అదే బేరం.

పాతసామాన్లు
ఈగిల్ మీద నాకూ గౌరవమే. కానీ అది చవక బండా? 4.2 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్. 1979లో ఇరాన్ గొడవతో పెట్రోలు ధర మండుతున్న రోజుల్లో అది రావడమే దాని దురదృష్టం. టెర్సెల్ ఇంజిన్ 1452 సీసీ. మనం మాట్లాడేది చవక ఫోర్ వీల్ గురించి. 1987లో ఏఎంసీని క్రైస్లర్ కొనేసింది, ఆ ఏడాది చివరికి ఈగిల్ తయారీ ఆగింది.

ఇంకో కోణం కూడా ఉంది, ఎవరూ ఎత్తలేదు. 1981 నుంచి జపాన్ కంపెనీలు అమెరికాకి ఏడాదికి 16.8 లక్షల కార్లకి మించి పంపకూడదని రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం. పేరుకి స్వచ్ఛందం, అసలు సంగతి అమెరికా అధ్యక్షుడు రీగన్ ఒత్తిడి. పంపే కార్ల సంఖ్యకి కళ్ళెం పడితే కంపెనీ ఏం చేస్తుంది? ఒక్కో కారు మీద ఎక్కువ రాబట్టాలని చూస్తుంది. మామూలు టెర్సెల్ అంటే అడుగు బేరం. దానికే ఫోర్ వీల్, ఎత్తు రూఫ్, ఒరుగు మీటరు పెడితే అదే షోరూంలో ఇంకో మెట్టు పైన అమ్ముకోవచ్చు. ఇది నా ఊహే, కంపెనీ కాగితాలేవీ చూడలేదు. కానీ లెక్క కుదురుతోంది.

సుబారు_సుబ్బారావు
దిగుమతి ఆంక్షల సంగతొస్తే సుబారు బ్రాట్ అనే చిన్న పికప్‌ని మించింది లేదు. అమెరికాలో దిగుమతి పికప్‌ల మీద 25 శాతం పన్ను, 1964 నుంచి. ఎందుకంటే యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద పన్నేశారని కోపం. జనమంతా చికెన్ ట్యాక్స్ అంటారు. సుబారు వాళ్ళు బ్రాట్ వెనక తొట్టిలో రెండు సీట్లు వెనక్కి తిప్పి బిగించి "ఇది పికప్ కాదు, ప్యాసింజర్ కారు" అన్నారు. రీగన్ దగ్గరే, రాంచ్‌లో, ఒకటి ఉండేది.

గోడమీదపిల్లి
ఎవరో కోళ్ళు తిన్నందుకు ఇంకెవరో తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చోవాలా. గవర్నమెంటంటే ఎక్కడైనా గవర్నమెంటే.

నల్లరేగడి
టయోటా మన దిక్కు అప్పట్ల కారుగ రాలే, డీసీఎం టయోటా వ్యానుగ వచ్చింది. మా ఆదిలాబాద్‌ల పెండ్లి బరాత్ నుంచి పత్తి బేళ్ళ దాక అండ్లనే. ఈ వ్యాగన్ వచ్చినప్పుడు మనకేమున్నయ్? అంబాసిడర్, పద్మిని. మారుతి 800 కూడ 1983 డిసెంబర్‌ల. వానాకాలం రేగడి భూమిల కారు దిగితే ఎడ్లు కట్టి గుంజుడే. ఇసొంటి బండి అప్పుడు మాకు దొరికితే దాని ఎనక ఏటీఎం ఉన్నా, పోస్టు డబ్బా ఉన్నా ఎవడు అడుగుతుండె?

పాతబండి_పద్మ
అందరూ వెనక భాగాన్ని వెక్కిరించి వదిలేశారు గానీ, దాని పక్కన నిలబడి చూస్తే లెక్క అర్థమవుతుంది. ముందు డోర్ల దాకా ఇది టెర్సెల్. అక్కణ్ణించి వేరే బండి. రూఫ్ ఎత్తు, వెనక తలుపు దాదాపు నిలువు, వెనక పక్కల పెద్ద పెద్ద అద్దాలు. ఇంజిన్ చిన్నదైనా డబ్బా మాత్రం పెద్దది చెయ్యొచ్చు కదా, రేకుకి ఎంతవుతుంది? సీటు మడిస్తే బీరువా తలుపులు కూడా పట్టేవి.

ఆ నంబర్ ప్లేట్ పక్కకి పెట్టడం మాత్రం పూర్తిగా షోకు. ఇది కారు కాదు, పనిముట్టు అని చూసినవాడికి అనిపించాలి. ఒరుగు మీటరూ అంతే. బండి ఎంత ఒరిగిందో నడిపేవాడికి మీటరు చెప్పాలా? ఒళ్ళే చెప్తుంది. 80ల జపాన్‌లో కారంటే సరదా, వారాంతానికి స్కీయింగ్‌కి పోయే కుర్రకారుకి అమ్మాలి. ఆ రోజు మంచు లేకపోయినా సాహసం చేస్తున్నట్టు ఉండాలిగా!

జిప్సీ_జోగారావు
ఒరుగు మీటరు మీద జోకులొద్దు. మా బావమరిది జిప్సీకి బయట కొని మరీ పెట్టించుకున్నాడు. కాఫీ తోటలకి వెళ్ళేటప్పుడు అదే చూస్తాడు, రోడ్డు చూడడు.

పాతబండి_పద్మ
నేను చెప్పిందీ అదేనండీ 😀

డెన్వర్_దోస్త్
ఇప్పుడు కొంచెం అర్థమైతుంది. లోపల మెకానికల్ అంత పొదుపు, బయట ఎనక భాగం షోకు. మరి ఇంత తెలివైన బండైతే ఎందుకు ఆపేసిన్రు? కొత్త కేరిబ్‌లు నెట్‌ల చూసిన, మంచిగ, సాఫుగ, కరోలా లెక్క ఉన్నయ్.

పాతసామాన్లు
కరోలా లెక్క ఉండటం కాదు, కరోలానే. 1988లో రెండో తరం కేరిబ్ వచ్చింది, అమెరికాలో కరోలా ఆల్-ట్రాక్ వ్యాగన్ అన్నారు. అప్పటికి టయోటా చిన్న కార్లన్నీ అడ్డం ఇంజిన్‌కి మారిపోయాయి. ఒక్క వ్యాగన్ కోసం పొడవు ఇంజిన్ వేరే ఫ్యాక్టరీ లైనులో ఎవడు పెడతాడు? కొత్తదానికి సెంటర్ డిఫరెన్షియల్, ఫుల్-టైమ్ ఫోర్ వీల్. బండిగా చూస్తే అన్నివిధాలా మెరుగు. పొడి రోడ్డు మీద రూమ్మేట్లకి ఇచ్చినా గంతులెయ్యదు. అమెరికాలో పాత టెర్సెల్ వ్యాగన్ 1988 మోడల్‌తో అయిపోయింది. ఆ ఇంజిన్ అమరికే పోయాక ఈ బండి మళ్ళీ పుట్టే అవకాశమే లేదు.

ఇటలీ_ఇంటల్లుడు
అడ్డం ఇంజినే గెలిచిందని మీ నోటితోనే చెప్పారు. థాంక్స్.

లక్ష్మి_క్లచ్
అమ్మకాల్లో గెలిచింది. ఖర్చు సంగతి అలాగే ఉంది. సుబారు ఇప్పటికీ పొడవునే పెడుతోంది, ఎందుకో మీరే ఆలోచించుకోండి.

సుబారు_సుబ్బారావు
🙏

మంచుదేశం
ఒకవేళ ఎవరైనా కొనే ఆలోచనలో ఉంటే: రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల బండి వద్దు. ఉప్పు ఏ కంపెనీ రేకునైనా తినేస్తుంది, వెనక చక్రాల పైన ముందు చూడండి. అరిజోనా, న్యూ మెక్సికో వైపు పొడి ఊళ్ళ బళ్ళు బాగుంటాయి. అమెరికా మోడల్‌లో కార్బురేటర్ చుట్టూ పొగ నియమాల కోసం పెట్టిన వాక్యూమ్ గొట్టాలు బోలెడు. ఏది ఎక్కడికి పోతుందో విప్పకముందే ఫోటోలు తీసుకోండి.

నల్లరేగడి
గిదంత సరే, ఒకటి ఇక్కడికి తెప్పిచ్చుకునే మార్గమేమన్న ఉన్నదా? జపాన్‌ల రైట్ హ్యాండ్ స్టీరింగే కదా.

పాతసామాన్లు
లేదు. సెకండ్ హ్యాండ్ కారు దిగుమతికి మూడేళ్ళ కన్నా పాతది కాకూడదని రూలు. ఇది నలభై ఏళ్ళది. పైగా కస్టమ్స్ డ్యూటీ కట్టేసరికి ఆ డబ్బుతో ఇక్కడ ఇంకో బండి వస్తుంది.

జిప్సీ_జోగారావు
అన్నా, మా పాడేరు వైపు అమ్మకానికి ఒక జిప్సీ ఉంది. లో-రేంజ్ ఉంది. రివర్స్‌లో కూడా. మెసేజ్ పెట్టు.

నల్లరేగడి
ఒరుగు మీటరున్నదేనా?

జిప్సీ_జోగారావు
బావమరిదిదే అమ్ముతున్నాం. మీటరుతో సహా.